ఓవర్సీరు గారి ముందు మా పూరింటి దర్జా

సొంత ఇంటికి తమ చేతులతోనే నిప్పంటించుకున్న తాగుబోతుల గురించి మీరు వినే ఉంటారు. సొంత ఇంటిని ఎడ్లకు మేతగా పెట్టి, అవి మేస్తుంటే పక్కన నిలబడి మురిసిపోయిన మనిషిని మాత్రం చూసి ఉండరు. చూడాలనుంటే ఇటు చూడండి, నేనే. పైగా ఆ రోజు నేను చుక్క కూడా తాగి లేను. ఊళ్లో బుద్ధిమంతుడినని పేరున్నవాణ్ణి, పెళ్లయినవాణ్ణి, ఒక బిడ్డకు తండ్రిని. అంతటి ఘనకార్యం చేయడానికి ఆ మాత్రం అర్హతలు సరిపోయాయి.

మా ఊరు బోగోలుకు తూర్పున, సముద్రపు గాలి నేరుగా ముఖానికి కొట్టే చోట ఉంది. కాస్త మాగాణి, మట్టిగోడల మీద వరిగడ్డి కప్పిన ఇల్లు, ఆ ఇంట్లో నేనూ మా అమ్మా. మా ఆవిడ రమణమ్మ తొలికాన్పుకని బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పుట్టింటికి పోయింది. ఆడపిల్ల పుట్టింది. పాపను చూడ్డానికి పోయినప్పుడు, వచ్చిన ప్రతి అల్లుడూ అడిగే మాటే నేనూ అడిగాను.

"ఇంటికి ఎప్పుడొస్తావు రమణమ్మా?"

"ఇంటికి కప్పు ఎప్పుడొస్తే అప్పుడు."

"ఉండాది గదా?"

"ఉండేదాన్ని కప్పంటారా? పోయిన కార్తీకం వానల్లో అత్తమ్మా నేనూ మూలమూలకూ చట్లు పెట్టుకొని కాపలా కాసినాం. మనం తడిసినా ఫరవాలేదు. పసిబిడ్డ తడిస్తే ఏంగాను? మీరే చెప్పండి."

పాప నా వేలు పట్టుకుని వదలడం లేదు. "వానలు పట్టేలోగా ఇంటికి మంచి కప్పేయిస్తా, ఇది నా మాట" అనేశాను. మాటైతే ఇచ్చాను గానీ, ఎట్లా వేయించాలో నాకు ఏమాత్రం తెలియదు.

దేవుడు నా మాట విన్నాడనే అనుకున్నాను. నేను ఊరు చేరిన మూడు నాలుగు రోజులకే చావడి దగ్గర గ్రామసేవకుడు జనాన్ని పోగేసి, పూరిళ్లు తీసేసి పక్కా ఇళ్లు కట్టుకోవడానికి సర్కారు అప్పిస్తుందని చెప్పాడు. "పంచాయతీ సమితిలో కట్టడాలు చూసే ఓవర్సీరు గారు స్వయంగా వచ్చి ఇల్లు చూసి, అర్హులెవరో తేలుస్తారు" అన్నాడు. ఆ తర్వాత ఆ అర్హతలేమిటో నిదానంగా, విడమరిచి చెప్పాడట. "చెప్పాడట" అని ఎందుకంటున్నానంటే, అప్పటికే నేను అక్కడ లేను. అప్పు అన్న మాట చెవిన పడగానే మా అమ్మకు చెప్పాలని ఇంటికి పరిగెత్తాను.

ఇంట్లో మా పెంచలయ్య మామ ఉన్నాడు. అమ్మకు తమ్ముడు. మా వైపు పెళ్లి సంబంధాలు కుదర్చడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

"ఓవర్సీరు ఇల్లు చూడను వస్తుండాడా?" అన్నాడు మామ, మీసం దువ్వుతూ. "ఇల్లు చూడను రావడమంటే ఏందిరా శీనా? పెళ్లిచూపులే గదా! పిల్లనిచ్చేవోడైనా, అప్పిచ్చేవోడైనా ముందు చూసేది వాకిలి. వాకిట్లో ఏముంటే లోపల అదే ఉంటదనుకుంటాడు."

"మన వాకిట్లో ఏముండాది మామా? రోలు తప్ప."

"నీ పెళ్లికి మాత్రం ఏముండినాయిరా?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పెళ్లికూతురి తరఫువాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తున్నారంటే, మా వైపు వీధి వీధంతా ఆ ఇంటికి సామాను మోస్తుంది. ఒకరి గేదె, ఇంకొకరి మంచం, వేరొకరి బిందెలు. ఇది మోసమని ఎవరూ అనుకోరు, మర్యాద అనుకుంటారు. నా పెళ్లిచూపులప్పుడు మా ఇంటి ముందు కట్టేసిన పాడిగేదె ఎవరిదో రమణమ్మకు కాపురానికి వచ్చాక గానీ తెలియలేదు. ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

మామ మాట నా తలకు బాగా ఎక్కింది. లేనివాడికి అప్పెవరిస్తారు? మా ఊరి షావుకారు ఏనాడైనా ఇచ్చాడా? సర్కారంటే ఇంకా పెద్ద షావుకారు. ఇంతకన్నా దివ్యమైన ఆలోచన నాకు జీవితంలో మళ్లీ రాలేదు, రానివ్వలేదు కూడా.

సామాను కోసం మేము పోయింది సుబ్బరామయ్య గారింటికి. మా ఊళ్లో మిద్దె ఉన్నది ఆయనకే, రేడియో ఉన్నది ఆయనకే, ఎంగిలి చేత్తో కాకిని తోలడన్న పేరున్నదీ ఆయనకే. ఒక కుర్చీ ఇస్తే అదే గొప్పనుకుంటూ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఓవర్సీరు వచ్చేది బేస్తవారమే గదా శీనయ్యా?"

"అవునయ్యా. ఒక కుర్చీ ఇప్పించారంటే..."

"ఒక కుర్చీ ఏంది నా మొహం! పడక్కుర్చీ తీసుకుపో. రేడియో తీసుకుపో. గోడ గడియారం, టేకుమంచం, మా అమ్మ ఇత్తడి సామాను, అన్నీ తీసుకుపో. ఎడ్లను కూడా తోలుకుపోరా అబ్బయా. నీ ఇల్లు కళకళలాడాల!"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంత మంచివాణ్ణి ఇన్నాళ్లూ ఊరంతా ఆడిపోసుకుంటోందే అని బాధపడ్డాను. వంగి ఆయన కాళ్లకు దండం కూడా పెట్టాను. ఆ దండం ఒక్కటి వెనక్కి తీసుకునే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి, ఇప్పటికైనా తీసుకుంటాను.

బేస్తవారం పొద్దున్నే మంచం నెత్తిన పెట్టుకుని నేను, గడియారం చంకన పెట్టుకుని మామ, వీధిలో ఊరేగింపుగా వచ్చాం. మట్టిగోడకు మేకు నిలవలేదు. కొడితే గోడ రాలుతోంది గానీ మేకు దిగడం లేదు. చివరికి గడియారాన్ని దూలానికి తాడుతో వేలాడగట్టాం. సముద్రపు గాలికి అది అటూ ఇటూ ఊగుతూ ఉంటే, లోపలి లోలకం మాత్రం కదలకుండా ఆగిపోయింది. వాకిట్లో పడక్కుర్చీ, పక్కనే రేడియో. దాన్ని మోగించడం మాకు చేతగాలేదు. ఎడ్లను చూరు పక్కన గుంజలకు కట్టాను. ఆ ఎడ్లు మా ఇంటి కన్నా ఎత్తుగా ఉన్నాయి. కంచె అవతల సుబ్బరామయ్య గారి తల్లి వెంకమ్మ గారు వచ్చి నిలబడింది, తన ఇత్తడి గ్లాసుల మీదే కన్నేసి.

ఓవర్సీరు గారు సైకిలు మీద వచ్చారు. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్థుడు. వాకిట్లో వైభోగం చూసి, ఇల్లు తప్పి వచ్చామా అని ఒకసారి వీధి అటూ ఇటూ చూశారు.

"శీనయ్య గారి ఇల్లు ఇదేనాండీ?"

"ఇదేనండి, రాండి, కూర్చోండి" అంటూ పడక్కుర్చీ చూపించాను. మా అమ్మ ఇత్తడి గ్లాసులో మజ్జిగ తెచ్చింది. ఆయన తాగి, గ్లాసు తిప్పి చూసి, దాని మీద చెక్కిన పేరు చదివారు.

"వెంకమ్మ అంటే మీ అమ్మగారాండీ?"

"కాదండి, మా మేనత్త" అన్నాను. అనక్కరలేదు. అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ నా నోరు ఎప్పుడు ఆగింది కనక? "ఆమెకు పిల్లల్లేరు. పోతా పోతా ఉండేదంతా నా పేరున పెట్టి పోయింది మహాతల్లి."

కంచె అవతల వెంకమ్మ గారు తన చావు కబురు విని నోరు తెరిచింది. కానీ ఆమె ఒక్క మాట కూడా అనకుండా ఆ నోరు అట్లాగే మూసేసింది. ఎంత మంచి కుటుంబమో అనుకున్నాను.

"ఇల్లు వానకు కారుతుందా?" అని అడిగారు ఓవర్సీరు గారు.

"ఛ ఛ! చుక్క రాలదండి."

"ఇరుకుగా ఏమైనా ఉందా?"

"ఇరుకా? మీరు పెళ్లాం బిడ్డలతో వచ్చి నెల ఉన్నా ఫరవాలేదండి."

ఇంతలో ఎడ్లకు ఆకలేసింది. సుబ్బరామయ్య గారింట్లో ఉలవలు తిని పెరిగినవి. నేను వేసిన గడ్డిని వాసన చూసి వదిలేసి, మెడలు చాచి మా చూరు అందుకున్నాయి. వాన తగలని చోట గడ్డి బాగున్నట్టుంది, కట్టలు కట్టలుగా లాగి నమలసాగాయి.

"అయ్యయ్యో, ఇల్లు తినేస్తున్నాయండీ!" అంటూ ఆయన లేచారు.

"కూర్చోండి, కూర్చోండి. వాటికి ముద్దు ఎక్కువ. తిననీండి. ఎట్టాగూ మిద్దె కట్టేస్తాం గదా!" అని నవ్వాను. ఆ నవ్వు గుర్తుకొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన మళ్లీ కూర్చున్నారు. "మీకు ఏ లోటూ లేదన్నమాట. మరి ఈ అప్పు ఎందుకండీ?"

"దర్జాకండి!"

మామ వెనకనుంచి భుజం తట్టాడు, బాగా చెప్పావన్నట్టు.

ఓవర్సీరు గారు లేచి, సైకిలు స్టాండు తీశారు. "చాలా సంతోషమండీ. మీ అంత సుఖంగా ఉన్న రైతును ఈ చుట్టుపక్కల చూడలేదు. ఈ అప్పు కారే ఇళ్లల్లో, ఇబ్బందుల్లో ఉండి, సొంతంగా కట్టుకోలేని వాళ్లకు. చావడిలో అంతా విడమరిచి చెప్పారు కదా? మీకు రాదండీ."

కళ్ల ముందు పాప ముఖం కనబడింది. సైకిలుకు అడ్డం పడ్డాను.

"అయ్యా, ఇయ్యన్నీ అరువు సామానండి!"

"ఇందాక మీ మేనత్త ఇచ్చారన్నారు?"

"నాకు మేనత్త లేదండి."

"పోయారన్నారుగా."

"పోలేదండి. అసలు పుట్టలేదండి. ఈ గ్లాసు అదిగో, ఆ కంచె కాడ ఉండే వెంకమ్మ గారిది. ఆమెను అడగండి!"

ఓవర్సీరు గారు ఓపికగా కంచె దాకా పోయి అడిగారు. వెంకమ్మ గారు నా వంక జాలిగా చూసింది.

"నాదా? మా ఇంట్లో అన్నీ మట్టి ముంతలేనయ్యా. ఇత్తడి నేను యాడ చూస్తాను?"

"అమ్మా, మీ కొడుకు ఇచ్చినాడు గదా!" అని అరిచాను.

"మావోడా? వాడికే లేకపోతే నీకు యాడ తెచ్చిస్తాడబ్బా?"

ఓవర్సీరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "కాస్త నీడపట్టున కూర్చోండి, ఎండగా ఉంది" అని చెప్పి వెళ్లిపోయారు. పిచ్చివాడితో మాట్లాడే గొంతు అది.

నాకు ఏమీ అర్థం కాలేదు. సంగతేమిటో సుబ్బరామయ్య గారినే అడుగుదామని బయల్దేరాను. ఆయన పెరటి దగ్గరికి పోయేసరికి ఓవర్సీరు గారి సైకిలు అక్కడ ఆనించి ఉంది. కంచె మీదుగా తొంగి చూశాను. మిద్దెకు తాళం. పక్కన గొడ్లకొట్టంలో, చిరిగిన తువ్వాలు కట్టుకుని, చింపిరి చాప మీద కూర్చుని, మట్టి ముంతలో అంబలి తాగుతూ కనబడ్డాడు మా ఊరి ధనవంతుడు.

"ఆ మిద్దె ఎవరిదండీ?" అని అడుగుతున్నారు ఓవర్సీరు గారు.

"మా అల్లుడిదయ్యా. మమ్మల్ని గడప తొక్కనియ్యడు. ఈ కొట్టమే మా ఇల్లు. కుర్చీ కూడా లేదయ్యా, కింద కూర్చోమనాలంటే సిగ్గుగా ఉండాది."

"గొడ్లేవీ?"

"ఎప్పుడో అమ్ముకున్నానయ్యా."

ఓవర్సీరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అయ్యా, అప్పుడు వెలిగింది నా బుర్ర! ఆ మహాదాత తన ఇల్లు బీదదిగా కనబడడానికి సామానంతా ఎక్కడ దాచాలా అని చూస్తుంటే, నేను పోయి నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాను. పైగా దండం పెట్టి మరీ మోసుకొచ్చాను. నిజం చెప్దామంటే ఇక నన్నెవరు నమ్ముతారు? పుట్టని మేనత్తను చంపినవాణ్ణి.

ఓవర్సీరు గారు పోయాక సుబ్బరామయ్య గారు నన్ను చూసి కన్ను గీటాడు. "సామాను ఇప్పుడే తేబాక శీనయ్యా. అప్పు చేతికొచ్చేదాకా మళ్లా ఎప్పుడైనా వచ్చి చూస్తారు. నీ కాడే ఉండనీ" అన్నాడు. అన్నిటికన్నా ఆ కన్నుగీటే నన్ను ఎక్కువగా కాల్చింది.

ఇంటికి వచ్చి చూస్తే చూరు లేదు. ఒక వైపు కప్పు కూడా సగందాకా పోయి ఆకాశం కనబడుతోంది. ఎడ్లు పడుకుని తృప్తిగా నెమరు వేస్తున్నాయి.

ఇంతటితో అయిపోయిందనుకుంటున్నారా? నేను అంతటితో ఆగే మనిషినా? ఓవర్సీరు గారు రాకముందే, ఆ వైపు పోయే బండివాడితో రమణమ్మకు కబురు పంపి ఉన్నాను, "అప్పు వచ్చినట్టే, ఇల్లు మారిపోయింది, బిడ్డను తీసుకుని రా" అని. కబురు అందుకుని ఆమె బండి దిగేసరికి ఆకాశంలో మబ్బులు కూడా దిగుతున్నాయి.

రమణమ్మ వాకిట్లో పడక్కుర్చీ చూసింది. లోపల టేకుమంచం చూసింది. ముఖం విప్పారింది. ఆ తర్వాత తలెత్తి పైకి చూసింది.

"అప్పు వచ్చిందన్నారే?"

"వచ్చేట్టే ఉండాది."

"ఎవురికి?"

చెప్పాను. మేనత్త దగ్గర్నుంచి అంబలి దాకా ఏదీ దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. పాపను మంచం మీద, కప్పు మిగిలిన వైపుకు పడుకోబెట్టింది. ఆ బిడ్డ మొదటిసారి మా ఇంట్లో పడుకుని, కన్నంలోంచి మబ్బుల వంక చూస్తూ కాళ్లాడిస్తోంది. అది చూడలేక నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. ఇది మాత్రం నవ్వులకు చెప్తున్న మాట కాదు.

కొద్ది రోజులకు సుబ్బరామయ్య గారికి అప్పు మంజూరైంది. కొట్టం స్థానంలో పెంకుటిల్లు కట్టడానికి పెంకులు, వాసాలు బండ్ల మీద దిగాయి. మర్నాడే ఆయన మనుషుల్ని వెంటబెట్టుకుని సామాను కోసం వచ్చాడు. నేను గడియారం తాడు విప్పబోయాను.

"చెయ్యి తియ్యండి" అంది రమణమ్మ. పాపను ఒళ్లో వేసుకుని పడక్కుర్చీలో కూర్చుని ఉంది. రేడియో మోగుతోంది. ఆమెకు ఎట్లా చేతనైందో నాకు తెలియదు.

"ఏం మామా, ఇట్టా వచ్చినారు?" అని సుబ్బరామయ్య గారిని వరసపెట్టి పలకరించింది.

"సామాను తీసుకుపోదామని, అమ్మాయ్."

"ఎవురి సామాను?"

"నాదే గదమ్మా!"

"మీకు కుర్చీ కూడా లేదు గదా మామా. ఓవర్సీరు గారితో మీరే చెప్పినారంటనే. ఇయ్యన్నీ మా ఆయన మేనత్త ఇచ్చినాయి, ఆయనే వీధంతా వినేట్టు చెప్పినాడు. వెంకమ్మ అవ్వను ఆ ఓవర్సీరే అడిగితే మాయి కాదనింది."

సుబ్బరామయ్య గారు నా వంక చూశాడు. నేను మంచితనం ఆపుకోలేక, "పోన్లే రమణమ్మా, పాపం, పెద్దాయన..." అని మొదలుపెట్టాను. ఆమె ఒక్క చూపు చూసింది. నేను పోయి ఎడ్ల పక్కన నిలబడ్డాను.

"అమ్మాయ్, ఇది న్యాయమా?"

"కాదు మామా. పదండి, కావలి సమితి ఆఫీసుకు పోయి ఓవర్సీరు గారినే అడుగుదాం న్యాయమేందో. ఈ ఎడ్లు మీవేనని ఆయనతో మీరు చెప్పండి, నేను కాదంటే అడగండి. రండి, బండి కట్టిస్తా. ఎడ్లుండాయి గదా!"

అవునంటే ఆయన అప్పు పోతుంది, కాదంటే ఎడ్లు పోతాయి. తన మనుషుల్ని వీధిలోకి పొమ్మని సైగ చేశాడు.

"నీకేం కావాలమ్మా?"

"మీ ఎడ్లు మేసిన కప్పు. గడ్డి వద్దు మామా, మళ్లా మేస్తాయి. పెంకులెయ్యండి."

వానలు పట్టే ముందు రోజు మా ఇంటికి పెంకుల కప్పు పడింది. సర్కారు సాయం చివరికి అర్హుడికే చేరింది, కాకపోతే గొడ్లకొట్టం మీదుగా చుట్టూ తిరిగి చేరింది. మా కప్పుకు పోగా మిగిలిన పెంకులతో సుబ్బరామయ్య గారి అప్పు ఇల్లు కొట్టం సైజులోనే లేచింది. అందులో ఇప్పటికీ గొడ్లే ఉంటున్నాయి. పెంకుటింట్లో కాపురం ఉన్న గొడ్లు మా తాలూకాలో అవేనని చెప్పుకుంటారు.

సామాను తిరిగి పంపించే రోజు, ఖాళీ అయిన వాకిలి చూసి నాకు కాస్త బెంగ వేసింది. "మళ్లా ఇల్లంతా బోసిపోయింది రమణమ్మా. మనదంటూ ఒక్కటన్నా మిగల్లేదు" అన్నాను.

"ఎందుకు మిగల్లేదు? మీరుండారు గదా" అంది పాపకు పాలిస్తూ. "అరువు తెచ్చుకోకుండా ఈ ఇంట్లో ఉండేది మీరొక్కరే. ఏం భయం లేదు, మిమ్మల్ని ఎవురూ అరువు అడగరు కూడా."

ఆ క్షణంలో, కొత్త పెంకుల కింద, అమ్మ సాక్షిగా, పాలు తాగుతున్న బిడ్డ తల మీద చెయ్యి పెట్టి నేనొక ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట మా గుమ్మంలోకి ఓవర్సీరు వచ్చినా, కలెక్టరు వచ్చినా, సాక్షాత్తూ ప్రధానమంత్రే వచ్చినా, నా నోటినుంచి "కూర్చోండి" అన్న మాట తప్ప మరో మాట రాదు, మిగతావన్నీ మా ఆవిడ చెబుతుంది. ఈ ప్రతిజ్ఞను నేను ఈనాటికీ ఒక్కసారి కూడా తప్పలేదు. నిజానికి తప్పుదామని చాలాసార్లు నోరు తెరిచాను, ఆమె తెరవనిస్తే కదా.